నాకు తెల్వకుండ బతికిన ఆరేండ్లు

ఇప్పుడు పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది నడుస్తున్నది. నాకు కార్జానికి క్యాన్సర్ గడ్డ తీసి ఎనిమిదేండ్లయింది. అది క్యాన్సరని నాకు తెలిసి మాత్రం రెండేండ్లే. నడుమ ఆరేండ్లు నేను ఏమీ తెల్వకుండ తిన్న, తిరిగిన, బాలవాడిల పిల్లలకు అక్షరాలు దిద్దించిన, ఇంట్ల మొగనితోని కొట్లాడిన. నా భయమంత ఇంకొకరు మోసిన్రు.

బాలవాడికి వచ్చే తల్లులు అప్పుడప్పుడు అడుగుతుంటరు, టీచరమ్మా, గంత పెద్ద బీమారి నుంచి ఎట్ల బయటపడ్డవని. ఒక్కొక్కరికి ఒక్కో తీరుగ చెప్పుడయితున్నది. ఒకసారి సక్కగ రాసిపెడితె నా మనసుకు గూడ నిమ్మళమైతదని కూసున్న.

డెబ్బై ఒకటి, ఎండకాలం

మేమప్పుడు పటాన్‌చెరుల కిరాయికుంటుంటిమి. ఒకటే వాకిలి, రెండు వాటాలు. ఒక వాటాల నేను, మా ఆయన, అయిదేండ్ల మా బిడ్డ స్వరూప. రెండో వాటాల సీతారత్నం వదిన వాళ్లు. వాళ్లది గుడివాడ దిక్కు. వాళ్లాయన, మా ఆయన ఒకటే ఫ్యాక్టరీల, ఒకటే షెడ్డుల పని. మా ఆయన వెల్డరు. మా అత్త ఈరమ్మ ఇస్మాయిల్‌ఖాన్‌పేటల ఉంటుండె, ఉన్న రెండెకరాలు, ఒక బర్రె సూసుకుంట. పండుగలకు వచ్చేది. వచ్చినన్ని దినాలు నా వంటకు, నా నడకకు, నేను బిడ్డకు జడలు వేసే తీరుకు వంకలు పెట్టి, బస్సెక్కేది.

ఆ ఎండకాలం నాకు కుడి దిక్కు పక్కటెముకల కింద నొప్పి షురువైంది. లోపల ఎవరో పిడికిలి బిగించి పట్టుకున్నట్లుండేది. నూనెది ఏది తిన్నా వాంతులే. సీతారత్నం వదిన జీలకర్ర నీళ్లు కాచి ఇచ్చింది. మా అత్త వాతమన్నది. ఫ్యాక్టరీ దవాఖానల డాక్టరు కడుపు ఒత్తి సూసి, ఇది నా చేతుల లేదు, పట్నం పెద్ద దవాఖానకు పోవాలన్నడు.

అక్కడ రాత్రిపూట గోలీలు మింగించి, పొద్దుగాల కడుపుకు ఎక్స్‌రే ఫోటో తీసిన్రు. పిత్తసంచిల రాళ్లున్నయి, సంచి తీసెయ్యాలన్నరు. అది విని నేను పరేషానైన మాట నిజమే. కడుపు కోస్తరంటె ఎవరికి భయముండదు. ఇంకో నొప్పి రాకముందె అయిపోతె మంచిదని గూడ అనిపించింది.

పెద్ద దవాఖానంటె ముందు యాదికొచ్చేది ఎదురుచూసుడే. ఓపీ కాడ గోడ పొడుగుత సిమెంటు అరుగు. దాని మీద సంగారెడ్డోళ్లు, వికారాబాదోళ్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చినోళ్లు, సంచులు కాళ్ల నడుమ పెట్టుకొని కూసునేది. బయట చెట్ల కింద రోగుల మనుషులు మూడు రాళ్లు పెట్టి వంటలు చేసుకునేది. ఆ పొగ వార్డుల దాక వచ్చేది. మందుల వాసన నడుమ ఉల్లిగడ్డ తాలింపు వాసన వస్తె, నాకు ఇల్లు యాదికొచ్చి ఏడుపొచ్చేది.

వార్డుల నా పక్క మంచం మీద ఒక ముసలామె ఉండె. ఆమెకే చాతకాదు, అయినా రోజూ మాపటికి నన్ను తన దిక్కు తిప్పుకొని తల దువ్వేది. ఆపరేషన్ నాడు పొద్దుగాల జడ గట్టిగ అల్లి, లోపలికి పోయి మల్ల నా కాడికే రావాలె బిడ్డా, విప్పేది నేనే అన్నది. పేరడగలే నేను. ఇప్పటికి బాధైతది.

ఆపరేషన్ బల్ల మీద పండుకున్నంక ఒక సన్నటి పిల్ల డాక్టరు నా చెయ్యి పట్టుకొని, అంకెలు చదువమ్మా అన్నడు. భయానికి నాకు నోట్లెకు ఏక్, దో, తీన్ అనే వచ్చింది. చిన్నప్పుడు సంగారెడ్డి బడిల మాకు లెక్కలు ఉర్దూలనే నేర్పిన్రు. ఆ డాక్టరు నవ్విండు. ఆ నవ్వు సూసుకుంటనే నాకు మత్తొచ్చింది.

ఆ ఏడే, వానలు పడ్డంక

తెలివొచ్చినంక సూస్తె కోత నేను అనుకున్నదానికంటె శాన పెద్దగున్నది. అడిగితె, రాయి జెర లోపలికి ఇరుకున్నదని నర్సు చెప్పింది. నిజమేందంటె, పిత్తసంచి తీసేటప్పుడు దాని పక్కన కార్జం అంచుకు ఉసిరికాయంత గడ్డ కనపడ్డది. పెద్ద డాక్టరు దాన్ని, దాని సుట్టూ ఉన్న కార్జాన్ని కొంత కోసి తీసి, పరీక్షకు పంపిండు. ఇదంత నాకు తర్వాత తెలిసిన ముచ్చట. చదివేటోళ్లకు ఇక్కడనే చెప్తున్న.

కుట్లు విప్పినంక ఒకనాడు పెద్ద డాక్టరు మా ఆయనను రూములకు పిలిచిండు. ఆయన బయటికొచ్చేసరికి మొఖమంత తడిగున్నది. ఎండకు తల తిరిగింది, నీళ్లు కొట్టుకున్న అన్నడు. బయట ముసురు పట్టి ఉన్నది. నేనది సోయిల పెట్టుకోలే.

ఆ రూముల జరిగింది గిది. అది క్యాన్సరని తేలింది. శాన చిన్నగున్నప్పుడే దొరికింది, కనపడ్డదంత తీసేసిన, మల్ల వస్తదా రాదా నేను చెప్పలేను, ఏండ్లు గడిస్తె గడిచినకొద్ది మంచిది అన్నడట పెద్ద డాక్టరు. ఆమెకు చెప్పాల్నా అని మా ఆయన అడిగితె, నీ ఇష్టం, ఎక్కువమంది చెప్పరు అన్నడట. కొన్నేండ్లు కాన్పు వద్దని గూడ చెప్పిండు. మా ఆయన ఆ నాడే సక్కగ ఇస్మాయిల్‌ఖాన్‌పేట పోయి తల్లికి చెప్పిండు. తను డ్యూటీకి పోతె ఇంటి కాడ నన్ను సూసేటోళ్లు కావాలె కాబట్టి సీతారత్నం వదినకు చెప్పిండు. ముగ్గురు ఒట్టు పెట్టుకున్నరు.

నేను ఇంటికొచ్చేసరికి మా అత్త గడప లోపల కూసోని బియ్యం ఏరుతున్నది. బర్రెను తమ్మునింట్ల కట్టేసి, పొలం పాలుకిచ్చి, బట్టల మూటతోని వచ్చేసింది. ఎన్ని దినాలుంటవు అత్తా అని అడిగిన. ఉంటలే అన్నది, గంతే.

డెబ్బై రెండు నుంచి డెబ్బై అయిదు దాక

ఆ ఏండ్లల్ల మా ఇంట్ల అందరు నాతోని వింతగ మంచిగుండిన్రు. మా అత్త ఒక్క మాటనకపోయేది. పప్పుల ఉప్పు ఎక్కువైతె నీళ్లు పోసుకొని తినేది. నేను బాలవాడి పనికి పోత అంటె, ఎన్కటి లెక్కన అయితె ఊరు ఏకం చేసేది, గప్పుడు మాత్రం పోయి రా బిడ్డా అని గొడుగు చేతికిచ్చింది. అత్త అంత మెత్తగ మాట్లాడుతుంటె నాకు నిమ్మళం కాలే, గుబులైంది. పానం బాగలేదేమోనని నేనే ఆమెను ఫ్యాక్టరీ దవాఖానకు తీస్కపోయి సూపెట్టిన.

ముగ్గురు నా పళ్లెం దిక్కే సూసేది. రెండు ముద్దలు తక్కువ తింటె ఇంట్ల మాటలు బందయ్యేవి. సీతారత్నం వదిన గోడవతలి నుంచి రోజూ ఒకటే అడుగుడు, "అనసూయా, ఆకలేసిందా, తిన్నావా?" అని. చారు చేస్తె చారు, కందిపొడి కొడితె కందిపొడి తెచ్చి పెట్టేది. మీ కోస్తావోళ్లకు తిండి తప్ప ఇంకో ముచ్చట లేదా అని నేను నవ్వేదాన్ని. ఆమె గూడ నవ్వి, తినే దాక నిలబడేది. ఆకలి పోతె జాగ్రత్త పడాలని డాక్టరు చెప్పిన సంగతి ఆమెకు తెలుసు. నాకు తెల్వదు.

మా ఆయన పొద్దుగాల డ్యూటీకి పోయేముందు నా గదుమ పట్టుకొని, ఎలుతురుకు తిప్పి, కండ్లల్లకు సూసేవాడు. పెండ్లయిన కొత్తల గూడ గట్ల సూడలే. నేను సిగ్గుపడేదాన్ని. ఆయన సూసింది కండ్లు పచ్చబడ్డయా లేదా అని.

కొన్ని నెలలకోసారి పట్నం పోతుంటిమి. మల్ల రాళ్లు పడ్డయేమో సూస్తరని చెప్పేవాడు. పెద్ద డాక్టరు కడుపు ఒత్తి సూసి, ఛాతి ఫోటో తీయించేవాడు. రాళ్లకు ఛాతి ఫోటో ఎందుకని నాకు తోచలే. మా ఆయన అరుగు మీద కూసున్నంతసేపు మోకాళ్లు ఆడించుకుంటనే ఉండేది. మంచిగుంది, పోయి రాండ్రి అని డాక్టరు అన్నంక, ఆయన మొఖమే మారిపోయేది. సక్కగ ఇరానీ హోటలుకు తీస్కపోయి చాయ్, బిస్కెట్లు తెప్పించేది. తాను రెండు పళ్లేల సమోసాలు తినేది. ఆ సమోసాల కోసమే పట్నం వస్తడని సీతారత్నం వదినకు చెప్పి నవ్వేదాన్ని.

ఇంత మంచితనంల ఒక్కటి నన్ను కాల్చింది. నాకు ఇంకో బిడ్డ కావాలె. స్వరూపకు తోడు కావాలె. ఆ మాటెత్తితె మా ఆయన లేచి బయటికి పోయేవాడు. మనుమడు మనుమడని నా పానం తీసిన అత్త గూడ ఇప్పుడు సప్పుడు చెయ్యదు. మెల్లమెల్లగ ఆయన నా కాడికి వచ్చుడే తగ్గించిండు. ఫ్యాక్టరీల కొత్తగ ఆడోళ్లు గూడ చేరిన్రు. నా మనసు ఎటు పోతదో చెప్పనక్కర్లేదు.

డెబ్బై నాలుగుల ఒక ఐతారం, అత్త బిడ్డను తీస్కొని అంగడికి పోయినప్పుడు అడిగేసిన.

"నా మీద మనసు పోయిందా? సక్కగ చెప్పు. నేను ఓర్చుకుంట."

ఆయన సైకిల్ చైనుకు నూనె పెడుతున్నడు.

"పోలే," అన్నడు. "స్వరూప సాలు మనకు. ఇంక గా మాట అడగకు."

నేను ఆయనతోని మాట్లాడుడు బందువెట్టిన. వండి పెట్టేది, ముందల పెట్టేది, గంతే. ఆయన ఒక్కసారి గూడ ఎందుకని అడగలే. అడగకపోయేసరికి నా అనుమానం ఇంక గట్టిపడ్డది. సంచి సర్దుకొని సంగారెడ్డికి, మా తమ్మునింటికి పోదామని నిలబడ్డ రోజు, సీతారత్నం వదిన వాకిట్ల అడ్డమొచ్చింది.

"నీ చేత ఎన్ని తిట్లయినా తింటాను, కానీ నిన్ను పోనివ్వను," అన్నది. "మీ ఆయన అలాంటి మనిషి కాదు. ఇంతకన్నా నన్నేమీ అడక్కు."

ఆమె కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి. పరాయింటి కొట్లాటకు ఈమె ఎందుకు ఏడుస్తదనుకున్న. కాని ఆమె మాట మీద నాకు గురి. సంచి లోపల పెట్టిన. మెల్లగ మాటలు కలిసినయి. పూర్తిగ మునుపటి తీరుగ కాలే.

ఆ ఏండ్లల్ల నా పానం మాత్రం బాగుండె. అది చెప్పకపోతె అన్యాయం. బాలవాడిల పిల్లలు పెరిగిన్రు. మా రోడ్డు పొడుగుత కొత్త షెడ్లు లేచినయి, బిహారోళ్లు, ఒరిస్సావోళ్లు వచ్చిన్రు, వాళ్ల పిల్లలు నా కాడ అ ఆలు నేర్చుకున్నరు. నేను బరువెక్కిన. రవికలన్ని కుట్లు విప్పుకోవాల్సొచ్చింది. ఆ రోజు మా అత్త ఎందుకు అంత సంబురపడ్డదో నాకు అప్పుడు తెల్వలే.

డెబ్బై ఏడు

ఆ ఏడు చలికాలం చివర్ల మా ఆయనకు సెలవు దొరకలే. పట్నం దవాఖానకు నేను, మా అత్త పోయినం. పెద్ద డాక్టరు నౌకరి నుంచి దిగిపోయిండట. ఆయన కుర్చీల ఇంకొకాయన కూసున్నడు. కొంచెం ఒళ్లు చేసిండు, అద్దాలు పెట్టిండు. నన్ను పండుకోబెట్టి కోత గుర్తు సూసిండు, నా మొఖం సూసిండు.

"ఉర్దూలో లెక్కపెట్టిన అమ్మ కదా మీరు?" అన్నడు.

నాకు నవ్వొచ్చింది. ఆ సన్నటి పిల్ల డాక్టరే. ఆయన నవ్వు మారలే. లేచి, పక్క రూములున్న ఇంకో డాక్టరును గూడ పిలుచుకొచ్చిండు.

"ఈమెను చూడు. లివర్ క్యాన్సర్. ఆరేళ్లయింది ఆపరేషన్ చేసి. ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. ఎంత చక్కగా ఉందో చూడు."

ఆయన ఆ మాట సంబురంగ అన్నడు. తన సొంత చెల్లె పాసయినట్లు అన్నడు. నేను ఎవరి గురించో అనుకున్న. ఆ రూముల నేను కాక ఇంకో రోగి లేదు. అప్పుడు మా అత్త దిక్కు సూసిన. ఆమె కొంగు నోట్ల కుక్కుకొని గోడకు ఆనుకున్నది.

"ఎందుకు చెప్తివి బిడ్డా," అన్నది డాక్టరుతోని. "ఆరేండ్లు దాసినం. నిద్రల గూడ నోరు జారలే."

డాక్టరు మొఖం తెల్లబోయింది. కుర్చీ దగ్గరికి జరుపుకొని నా ముందల కూసున్నడు. మీకు తెలుసనుకున్నానమ్మా, నన్ను మన్నించండి అన్నడు. తర్వాత అన్ని అడగమన్నడు, అన్నిటికి జవాబు చెప్పిండు. గడ్డ ఎక్కడుండె, ఎంతుండె, ఎందుకు మంచిగైంది. పిత్తసంచి నొప్పి రాకపోతె ఆ గడ్డ పెద్దగయ్యేదాక ఎవరికి తెల్వకపోయేదట. ఆ రాళ్లే మిమ్మల్ని కాపాడాయి అన్నడు. ఇంక భయం లేదా అని అడిగిన. లేదని ఒట్టు పెట్టలేను, కాని ఇన్నేండ్లు దాటినోళ్లను నేను శాన తక్కువ సూసిన, మీరు దాటిన్రు అన్నడు.

బయటికొచ్చి అత్త, నేను దవాఖాన మెట్ల మీద కూసున్నం. నేను ఏడుస్తననుకున్నదేమో, నా ఈపు మీద చెయ్యి పెట్టింది. నాకు ఏడుపు రాలే. ఆరేండ్ల కింద పడాల్సిన భయం గప్పుడు పడుతున్న. బర్రెను, పొలాన్ని ఇడిసిపెట్టి నా కోసమే వచ్చినవా అని అడిగిన. అత్త తల తిప్పుకొని, గా బర్రె పాలు గూడ సరిగ ఇయ్యకపోయేది అన్నది.

మాపటికి మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చిండు. నా మొఖం సూసి, తల్లి మొఖం సూసి, ఆయనకే అర్థమైంది. బూట్లు ఇప్పకుండనే మంచం మీద కూసున్నడు.

"చెప్పాల్సుండె నాకు," అన్న నేను.

"చెప్తె నువ్వు గూడ రోజూ ఎదురుసూస్తుంటివి. నేనొక్కన్నే ఎదురుసూస్తె సాలనుకున్న."

"నేను నిన్ను అనుమానపడ్డ. తమ్మునింటికి పోదామనుకున్న."

"పడితె పడ్డవ్. అనుమానంతోని మనిషి సావదు."

గప్పుడు ఏడ్చిన, ఆరేండ్లది. ఆయన గూడ ఏడ్చిండు. పెండ్లయినంక ఆయన ఏడ్చుడు నేను సూసుడు అదే మొదలు. స్వరూప పుస్తకం పట్టుకొని తలుపు కాడ నిలబడితె, మీ అమ్మకు జరం తగ్గిందని చెప్పి నవ్విండు.

కోపం మాత్రం ఒక్కనాడుల పోలే. నా ఒళ్లు, నా కడుపు, నాకే తెల్వకుండ ముగ్గురు కలిసి మాట్లాడుకున్నరని కొన్ని నెలలు మండిపడ్డ. అద్దం ముందల నిలబడి నేనే కండ్లు సూసుకునేదాన్ని. వంట చేసుకుంట కడుపు ఒత్తుకునేదాన్ని. అజీర్తికి కడుపు నొస్తె గూడ అయిపోయిందనుకునేదాన్ని. ఆయన ఆరేండ్లు పడ్డది నాకు ఆరు నెలలల్ల అర్థమైంది. నాకు చెప్తె మంచిగుండెనా, చెప్పకపోవుడే మంచిదా అంటె, ఇప్పటికి నేను తేల్చుకోలే. మొగడు పెండ్లాల నడుమ అంత పెద్ద మూట పెట్టొద్దు, అది రాత్రిపూట మంచం నడుమకే వచ్చి పంటది. ఇది మాత్రం గట్టిగ చెప్పగలుగుత.

ఇంకో బిడ్డ ముచ్చట డాక్టరును అడిగినం. అడ్డం లేదన్నడు. కాని అప్పటికి నాకు ముప్పై నాలుగు. కాలే. అదొక్కటి నా మనసుల అట్లనే ఉన్నది, దాచను.

మిగిలిందంత బాగనే ఉన్నది. దాచేది లేదని తెలిసినంక మా అత్తకు నోరొచ్చింది. ఆ వారమే పప్పుల ఉప్పెక్కువైందని పళ్లెం జరిపింది. మీ అవ్వ నీకు గిదే నేర్పిందా అన్నది. నేను, సీతారత్నం వదిన గోడకు అటొకరు ఇటొకరు నిలబడి కడుపు పట్టుకొని నవ్వినం. ఉప్పు తగ్గించి మల్ల వండి పెట్టిన.

ఈ ఏడు

మొన్న వానకాలంల చూపించుకోనీకె పోతె డాక్టరు, మీకు పనేమన్నా ఉందా, ఒక్కసారి వార్డుకు వస్తారా అని అడిగిండు. జహీరాబాదు దిక్కు నుంచి ఒకామె వచ్చిందట. ఆమెకు గూడ కార్జంల గడ్డ, చిన్నగనే ఉన్నప్పుడు దొరికింది. ఇంట్లోళ్లు చెప్పిన్రు, దాచలే. ఆమె కోయనీయనంటున్నది, సచ్చేదానికి కడుపు కోసుకొని సచ్చుడెందుకని గోడ దిక్కు తిరిగి పండుకున్నది.

పోయిన. ఆ వార్డే. మంచాలు మారలే, గోడలకు సున్నం కొత్తగ ఏసిన్రు. ఆమె నాకంటె చిన్నది. మొగడు కాళ్ల కాడ నిలబడి ఉన్నడు, చేతుల సంచి. డాక్టరు నా పేరు చెప్పి పోయిండు.

బాలవాడిల ముప్పై మంది పిల్లలను ఊకోబెడుత గని, ఆమె ఈపు సూస్తె మాట రాలే. నాకు గూడ గిదే అయింది, ఇదే దవాఖానల తీసిన్రు అని చెప్పిన. ఆమె కదలలే. మొగడిని బయట నిలబడమని, చీర పక్కకు జరిపి, ఇగో సూడు అని సూపెట్టిన.

ఆమె మెడ తిప్పింది. కోత గుర్తు ఈ కొస నుంచి ఆ కొస దాక సూసింది. వేలుతోని ముట్టింది. చల్లగున్నది ఆమె వేలు.

"ఎన్నేండ్లాయె?"

"ఎనిమిది."

"ఏం తింటవు?"

"అన్ని తింట. మొన్న చేపల పులుసు గూడ తిన్న. మా అత్త ఉప్పెక్కువైందన్నది."

ఆమె నవ్వలే. నా మొఖంల అబద్ధమేమన్న ఉన్నదా అని వెతికినట్లు సూసింది. తర్వాత మోచేతి మీద లేచి, దుప్పటి సర్దుకొని, గోడ దిక్కు కొంచెం జరిగింది. మంచం మీద నాకు కూసోనీకె జాగ ఇచ్చింది.